నయీమ్ సాబ్‌కి ఒక్క వాక్యమేనా?

భారత ఫుట్‌బాల్ కోచ్‌ల మీద ఇంత పెద్ద వ్యాసం రాసి, మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్‌ను ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. నిజంగా బాధేసింది.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను 1-0తో ఓడించి కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ ఆయనే, ఆడేది డిఫెండర్‌గా. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ పతకం రాలేదు. ఆ స్కోరులో ఎదుటివాళ్ల సున్నా ఎవరికీ గుర్తుండదు, డిఫెండర్ కష్టమంతా అందులోనే ఉంటుంది. మా నాన్న గల్లీ జట్టులో బ్యాక్ (డిఫెండర్) ఆడేవారు. నాకు నేర్పేటప్పుడు నా గడ్డం పట్టుకుని కిందికి వంచి, "బంతితో వచ్చేవాడు కాళ్లతో మోసం చేస్తాడు, వాడి నడుము చూడు" అనేవారు. నయీమ్ సాబ్ ఆట చూసి నేర్చుకున్నానని చెప్పేవారు.

ఇక కోచ్‌గా 1990లో కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యురాండ్, రోవర్స్ మూడు పెద్ద టోర్నీలూ గెలిపించారు. తర్వాత భారత జట్టుకూ, బంగ్లాదేశ్‌కూ కోచింగ్ ఇచ్చారు. క్రమశిక్షణ విషయంలో మహా కఠినం, స్టార్ అయినా సరే లెక్కచేయరు. అందుకే కొందరికి నచ్చలేదేమో. కానీ ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య రెండూ అందుకున్న మనిషి ఆయన. దయచేసి ఆయన మీద విడిగా ఒక వ్యాసం రాయండి, హైదరాబాద్ రోజుల నుంచి మొదలుపెట్టి.