బైగ్వనైడ్ పూల్‌ని క్లోరిన్‌కి మార్చాలంటే చెంబుల లెక్కన పోస్తే తెమలదు

డాలస్, ఆస్టిన్, అట్లాంటా చుట్టుపక్కల పూల్ ఉన్న పాత ఇల్లు కొంటున్న మనవాళ్లకి ఒక మాట. గరాజ్‌లో బాక్వాసిల్ అనో సాఫ్ట్‌స్విమ్ అనో రాసిన డబ్బాలు కనిపిస్తే ఆ పూల్ నడుస్తున్నది క్లోరిన్ మీద కాదు, బైగ్వనైడ్ అనే వేరే క్రిమినాశిని మీద. ఆ నీళ్లలో ఒక్క క్లోరిన్ బిళ్ల కూడా వేయకముందే ఇది చదవండి.

కళ్లు మండవు, వాసన రాదు అని చెప్పి అమ్మే సరుకిది. కొత్తలో నిజంగానే హాయిగా ఉంటుంది. కానీ బైగ్వనైడ్ క్రిముల్ని చంపుతుందే తప్ప చెమట, ఉచ్చ, సన్‌స్క్రీన్ జిడ్డు లాంటి వాటిని కాల్చలేదు. అందుకని నెలనెలా 27% హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయాలి. పాచి రాకుండా ఇంకో సీసా వేరే. కొన్నేళ్లకి ఆ మందుకి అలవాటు పడ్డ క్రిములు మిగులుతాయి: నిచ్చెన వెనక గులాబీ రంగు జిగురు, పైపుల్లోంచి తడి టిష్యూ ముక్కల్లా తెల్ల బూజు. షాపుకి వెళ్తే విరుగుడుగా అవే సీసాలు ఇంకో రెండు చేతిలో పెడతారు. ఈ పనులన్నీ క్లోరిన్ ఒక్కటే చేస్తుంది. ఇంటి పూల్‌కి బైగ్వనైడ్ శుద్ధ దండగ అని నా అభిప్రాయం.

మార్చడం కష్టమేమీ కాదు. జనం ఫెయిలయ్యేది భయపడి కొంచెం కొంచెం పోయడం వల్ల, రంగు మారగానే ఆపేయడం వల్ల. క్లోరిన్‌కీ బైగ్వనైడ్‌కీ పడదు, నీళ్లలో ఉన్న బైగ్వనైడ్ మొత్తాన్నీ క్లోరిన్ కాల్చేయాల్సిందే. పెరాక్సైడ్‌తో అయితే ఇంకా అన్యాయం, రెండూ ఒకదాన్నొకటి తినేసి ఉప్పు, నీళ్లు, ఆక్సిజన్ మిగుల్తాయి. కాబట్టి ముందు కొన్ని వారాలు ఆ సీసాలన్నీ ఆపేయండి. బైగ్వనైడ్ స్ట్రిప్ మీద రీడింగ్ ఎంత తగ్గితే మీకు అంత క్లోరిన్ ఆదా అయినట్టు.

స్ట్రిప్‌లతో, పసుపు రంగు చూసే చవక కిట్‌తో ఈ పని మొదలుపెట్టొద్దు. క్లోరిన్ మరీ ఎక్కువైతే మామూలు డీపీడీ (క్లోరిన్ తగిలితే గులాబీ రంగు తిరిగే మందు) రంగు తెల్లబోయి సున్నా అని చూపిస్తుంది, మీరేమో ఇంకో గ్యాలన్ కుమ్మరిస్తారు. చుక్కలు లెక్కపెట్టే ఎఫ్ఏఎస్-డీపీడీ కిట్ కావాలి, టేలర్ కే-2006 లాంటిది. 10 మిల్లీలీటర్ల నీళ్లలో పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది, ఆ రంగు పోయేదాకా చుక్కలు వేయాలి. చుక్కకి అర పీపీఎం (పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు).

లెక్క సులువు. 10% లిక్విడ్ క్లోరిన్ ఒక గ్యాలన్, పది వేల గ్యాలన్ల పూల్‌లో 10 పీపీఎం పెంచుతుంది. మీ పూల్ 15,000 గ్యాలన్లదైతే 15 పీపీఎం ఎక్కించడానికి రెండుంపావు గ్యాలన్లు. ముందు మ్యూరియాటిక్ యాసిడ్‌తో పీహెచ్ 7.2కి దించుకోండి. క్లోరిన్ 10 దాటాక పీహెచ్ టెస్ట్ అబద్ధం చెబుతుంది, ఇక దాని జోలికి పోవద్దు. పొద్దు వాలాక మొదలుపెట్టండి. ఎండ నుంచి క్లోరిన్‌ని కాపాడే సయన్యూరిక్ యాసిడ్ ఇంకా వేయలేదు కాబట్టి ఎండలో క్లోరిన్ చూస్తుండగానే మాయమైపోతుంది. పంపు ఆపకుండా నడవాలి. నీళ్లు లోపలికొచ్చే జెట్ ముందు సన్న ధారగా పోయండి. మొదట్లో గంట గంటకీ టెస్ట్ చేసి, పడిపోయినంతా మళ్లీ 15కి తేవాలి. ఎవర్నీ పూల్‌లోకి దిగనివ్వొద్దు. పెరాక్సైడ్ కొలిచిన మగ్గుతో క్లోరిన్ కొలవొద్దు.

నీళ్లు ఆకుపచ్చగా, తర్వాత బురద రంగులోకి, ఆ తర్వాత పాలలా మారతాయి. ఇక్కడే చాలామంది బెంబేలెత్తి షాపుకి పరిగెత్తి క్లారిఫయర్, నాన్-క్లోరిన్ షాక్ మోసుకొస్తారు. రెండూ వద్దు. నాన్-క్లోరిన్ షాక్ మీ టెస్ట్‌లో కంబైన్డ్ క్లోరిన్‌లా (అంటే మురికితో కలిసిపోయి పనికిరాకుండా పోయిన క్లోరిన్‌లా) కనిపించి లెక్కంతా గల్లంతు చేస్తుంది. ఫిల్టర్‌లో బంక పేరుకుంటుంది. కడిగినప్పుడు ప్రెషర్ 12 పీఎస్ఐ ఉంటే, 15కి రాగానే బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగండి.

బంక దాక్కునే చోట్లు ఫిల్టర్ ఒక్కటే కాదు. లైటు పైనున్న ఒక్క స్క్రూ విప్పితే వైరుతో సహా బయటికొస్తుంది. బ్రేకర్ ఆపాకే సుమా. ఆ గూడు లోపల బ్రష్ పెట్టి తోమండి. నిచ్చెన గొట్టాల లోపల, స్కిమ్మర్ రేకు వెనక, క్లీనర్ గొట్టంలో, సోలార్ కవర్ అడుగున కూడా అంతే. ఎంత పోసినా రాత్రికి రాత్రి క్లోరిన్ మాయమవుతోందంటే తప్పు ఈ మూలల్లోనే ఉంటుంది.

పూర్తయిందని చెప్పాలంటే మూడూ కుదరాలి: నీళ్లు తేటగా ఉండాలి, కంబైన్డ్ క్లోరిన్ అర పీపీఎం దాటకూడదు, రాత్రి చూసిన రీడింగ్‌కీ తెల్లారగట్ల రీడింగ్‌కీ మధ్య తేడా 1 పీపీఎం మించకూడదు. కొందరికి నాలుగు రోజులు, కొందరికి రెండు వారాలు.

ఫిల్టర్‌లోని ఇసుక అప్పుడు మార్చాలి. ముందే మార్చితే కొత్త ఇసుకకీ అదే బంక పడుతుంది. 24 అంగుళాల ఫిల్టర్‌కి దాదాపు 300 పౌండ్లు, అంటే 50 పౌండ్ల సంచులు ఆరు. 0.45 నుంచి 0.55 మిల్లీమీటర్ల పూల్ ఇసుకే కొనండి, ఆట ఇసుక కాదు. ట్యాంక్ సగం నీళ్లతో నింపి, మధ్య గొట్టం నోటికి టేపు వేసి మెల్లగా పోయాలి. పైనుంచి ధబాలున పోస్తే అడుగున ఉండే లేటరల్స్ (చీలికలున్న సన్న గొట్టాలు) విరిగి, ఇసుక పూల్‌లోకి వస్తుంది. కార్ట్రిడ్జ్ ఫిల్టర్ అయితే కొత్తదే కొనాలి, పాతది కడిగి లాభం లేదు.

తర్వాత సయన్యూరిక్ యాసిడ్ 30 పీపీఎం. 15,000 గ్యాలన్లకి మూడుంముప్పావు పౌండ్లు పాత సాక్సులో పోసి జెట్ ముందు వేలాడదీసి అప్పుడప్పుడూ పిసకండి. టెస్ట్‌లో కనబడటానికి వారం పట్టొచ్చు. క్లోరిన్ 4 నుంచి 6 మధ్య ఉంచాలి, 2కి కింద పోకూడదు. టెక్సస్ ఎండకి రోజుకి 3 పీపీఎం పోతుందనుకుంటే సాయంత్రానికి అర గ్యాలన్ లోపే.

రోజూ పోయడం బద్ధకమని బిళ్లల మీద బతికేవాళ్లు ఒకటి లెక్కేసుకోండి. ట్రైక్లోర్ బిళ్లలతో వచ్చే ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌కీ 6 పీపీఎం సయన్యూరిక్ యాసిడ్ జమవుతుంది. రోజుకి 3 చొప్పున నెలకి 54. అది ఎక్కువయ్యేకొద్దీ క్లోరిన్ మొద్దుబారుతుంది, తగ్గించాలంటే నీళ్లు పారబోయడం తప్ప తేలికైన దారి లేదు. బద్ధకమే అసలు సమస్య అయితే మార్పిడి అంతా అయ్యాక ఉప్పు జనరేటర్ పెట్టించుకోండి. ఉప్పు పూల్ అంటే క్లోరిన్ లేనిదని మాత్రం పార్టీల్లో చెప్పకండి. ఆ జనరేటర్ చేసేది ఉప్పులోంచి క్లోరిన్ తీయడమే.