ఓపెన్ డే సరే, బుట్టలో ఏ బంతులున్నాయి?

టెన్నిస్ క్లబ్బులు 'ఓపెన్ డే' పేరిట ఏడాదికో రోజు గేట్లు బార్లా తీసి, ఊరందరినీ ఉచితంగా ఆడుకోమనడం బ్రిటన్‌లో ఆనవాయితీ. మన క్లబ్బులూ ఆ బాట పడితే సంతోషమే. అయితే ఆ రోజు ఎంతమంది వచ్చారన్న లెక్క పత్రికా ప్రకటనకు తప్ప ఎందుకూ కొరగాదు. మరుసటి ఆదివారం ఎందరు మళ్లీ వచ్చారో చెప్పండి. అది చాలావరకు బుట్టలోని బంతుల మీద ఆధారపడి ఉంటుంది.

మామూలు పసుపు బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135 నుంచి 147 దాకా లేవాలని నిబంధన. ఆరేళ్ల పిల్లాడి ఎత్తే 115కు అటూ ఇటూ. నెత్తి మీదుగా పోయే బంతిని వాడేం కొడతాడు? చిన్నపిల్లల కోసమే చేసిన ఎర్ర బంతి 90-105 దగ్గరే ఆగుతుంది, వేగమూ 75 శాతం తక్కువ. పదేళ్లలోపు పోటీల్లో పసుపు బంతి వాడకూడదన్న అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నిబంధన 2012 నుంచే అమల్లో ఉంది. 'పాత బంతులున్నాయిగా, మెల్లగానే వస్తాయి' అనే కార్యదర్శులుంటారు. గాలి పోయిన బంతి ఒకటి ఒకలా, ఇంకోటి ఇంకోలా లేస్తుంది. కొత్తవాళ్లకు అంచనా చిక్కదు. పెద్దవాళ్లకైనా మొదటి గంట నెమ్మది బంతులే ఇవ్వాలి.

రెండో తప్పు క్యూ. కోచ్ బుట్ట పక్కన నిలబడి ఒక్కో బంతీ విసురుతుంటాడు. పన్నెండు మందిలో ఒకరు కొడితే పదకొండు మంది చెమటలు తుడుచుకుంటూ చూస్తారు. దీనికి మందు సులువు. డబుల్స్ కోర్టు వెడల్పు 10.97 మీటర్లు. ఎర్ర బంతి కోర్టు పొడవూ దాదాపు అంతే, వెడల్పు 5.5. అంటే పెద్ద కోర్టులో అడ్డంగా నాలుగు చిన్నవి పడతాయి. వెనక కంచె నుంచి నెట్ మధ్యకు చిన్న కోర్టుల నెట్‌గా 80 సెంటీమీటర్ల ఎత్తున తాడు బిగించి కట్టండి, అవతలి వైపూ అంతే. తాడుకు రంగు గుడ్డపీలికలు వేలాడదీస్తే బంతి పైనుంచి పోయిందా, కిందనుంచా అన్న తగవుండదు. సుద్దతో గీతలు గీస్తే పదహారు మంది ఒకేసారి ఆడొచ్చు. ఆరేళ్లవాళ్లకు 21 అంగుళాల రాకెట్, తొమ్మిదేళ్లకు 25. నాన్నగారి 27 అంగుళాలది చేతికిస్తే మణికట్టు వాలిపోతుంది. ఇక ముఖ్య అతిథి, శాలువాలు, సీనియర్ల ప్రదర్శన మ్యాచ్... దయచేసి వద్దు. వెళ్లేటప్పుడు తర్వాతి ఆట తేదీ, సమయం రాసిన చీటీ పిల్లల చేతిలో పెట్టండి, చాలు.

నెలనెలా రుసుము కట్టే సభ్యులు 'ఆదివారం పొద్దున మా ఆట పోతుంది' అంటారు. వాళ్ల మాటా అన్యాయమేమీ కాదు. అందుకే రెండు కోర్టులు, రెండు గంటలు మాత్రమే అడగాలి. నల్ల సోల్ బూట్ల మరకల భయముంటే ఆ సంగతి పిలుపులోనే రాయొచ్చు.

అసలు ఏడాదికో రోజు సరిపోతుందా? 2021లో బ్రిటన్ క్రీడాకారిణి ఎమ్మా రాదుకాను యూఎస్ ఓపెన్ గెలిచాక బ్రిటన్ ప్రభుత్వమూ, అక్కడి టెన్నిస్ సంఘమూ కలిసి పార్కు కోర్టుల మరమ్మతుకు 3 కోట్ల పౌండ్లకు పైగా వెచ్చించాయి. చాలా పార్కుల్లో ఇప్పుడు వారం వారం ఉచిత ఆట. రాకెట్ వాళ్లే ఇస్తారు, జోడీని వెంట తెచ్చుకోనక్కర్లేదు.

మనకు పార్కుల్లో కోర్టులెక్కడివి? జిల్లా కేంద్రాల్లో అవి ఎక్కువగా ఆఫీసర్స్ క్లబ్బుల్లో ఉంటాయి. ఇటు చూస్తే, బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలే చెబుతున్నా, నాలుగంతస్తుల అద్దె భవనాల్లో నడుస్తున్న బళ్లు ప్రతి పట్టణంలోనూ కనిపిస్తాయి. పిల్లలకు స్థలం లేదు. క్లబ్ కోర్టులేమో పొద్దున, సాయంత్రం సభ్యుల ఆట తప్పితే ఖాళీ. ఎండలు తగ్గాక, జూలై నుంచి ఫిబ్రవరి దాకా వారానికి రెండు మధ్యాహ్నాలు మూడున్నర నుంచి అయిదు వరకు దగ్గరలోని బళ్లకు ఇవ్వడానికి అడ్డేమిటి? కొన్నిచోట్ల ఆ క్లబ్బుకు అధ్యక్షుడు కలెక్టరే. జిల్లా విద్యాశాఖాధికారిని పిలిచి బళ్ల జాబితా అడగడానికి ఆయనకు పై నుంచి జీవో రానక్కర్లేదు.