అప్పడం వెళ్తుంది, ఆవకాయ ఆగుతుంది

ఎంబీఏ రెండో ఏడాది ఆంత్రప్రెన్యూర్‌షిప్ ప్రాజెక్టులో నాకు పడినవి 50కి 19 మార్కులు. నేను పెట్టిన ప్లాను మా అమ్మ చేసే ఆవకాయ, అప్పడాలు. "కొత్తదనం లేదు, స్కేల్ అవదు" అన్నారు. ఫస్టొచ్చింది డ్రోన్లతో కొండల మీదకి మందులు పంపే యాప్. యాపూ లేదు, డ్రోనూ లేదు, మందులూ లేవు. పద్దెనిమిది స్లైడ్లు ఉన్నాయి. అయిదేళ్ళయింది. ఆ టీంలో ఒకడు భువనేశ్వర్‌లో లోన్ల వసూళ్ళు చూస్తున్నాడు. మంచి స్నేహితుడే, ఇది చదివి తిడతాడు, తిట్టనీ. మా అమ్మ మాత్రం ఈ ఏడూ ఆవకాయ పెట్టింది.

కడుపుమంటతో రాస్తున్నాడనుకుంటే అనుకోండి. కొంత అదే.

మాది పర్లాకిమిడి. కాగితాల మీద ఒడిశా, గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంత రోజున కొండ దిగొచ్చే సవరలతో వాళ్ళ మాటలూ నాలుగు రావాలి. మహేంద్రతనయ ఏటి పక్కనే పాతపట్నం, అది ఆంధ్ర. పెళ్ళిసంబంధాలు, ఆస్పత్రులు, సరుకులు, అన్నీ అటూ ఇటూనే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీత గీసేశారు గానీ మా నాన్న కొట్టుకొచ్చే బేరాలకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి చోట రెండేళ్ళు వ్యాపారం నేర్పిన కాలేజీలో సరిహద్దు అన్న మాట ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు. సరుకు అమ్మేవాడికి ఏడాదికి 40 లక్షల అమ్మకం దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చెప్పారు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. తీరా సీసాలు ఆటోలో పెట్టాక తెలిసింది, పన్ను పడే సరుకు రాష్ట్రం దాటిస్తే మొదటి సీసాకే రిజిస్ట్రేషన్ కావాలట. చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొద్దిపాటి పన్ను కట్టేసే కాంపొజిషన్ స్కీములో చేరితే అసలు దాటించనే కూడదట. అప్పడానికి జీఎస్టీ లేదు, పచ్చడికి ఉంది. అంటే ఒకే పెరట్లో తయారైన రెండింటిలో అప్పడాల కట్ట దర్జాగా పాతపట్నం పోతుంది, పక్కన బుట్టలో ఉన్న ఆవకాయ సీసా దిగిపోవాలి. అదే సీసాని గంటల కొద్దీ బస్సులో కూర్చోబెట్టి ఒడిశాలోనే ఉన్న బరంపురం పంపితే అడిగేవాడు లేడు. ఈ ముక్క ఒక్క పీరియడ్‌లో చెప్పొచ్చు. మాకు ఆ పీరియడ్‌లో మనిషి అవసరాల్ని మెట్లుగా పేర్చిన మాస్లో పిరమిడ్ రెండోసారి చెప్పారు.

సరే, రిజిస్ట్రేషన్ చేయించుకుని విశాఖపట్నంలో ఒక పెద్ద షాపుకి వేశాను. నాలుగు నెలలు డబ్బు రాలేదు. ఫోన్ చేస్తే "సార్ మీటింగులో ఉన్నారు". చిన్న పరిశ్రమల సర్కారు రిజిస్టరు ఉద్యమ్‌లో నమోదైన చిన్న తయారీదారుకి కొన్నవాడు 45 రోజుల లోపు చెల్లించి తీరాలనీ, లేకపోతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడింతలు చక్రవడ్డీ కట్టాలనీ 2006 నుంచీ చట్టం ఉంది. ఇది నాకు చెప్పింది కాలేజీ కాదు, బియ్యం మిల్లు గుమాస్తా ఒకాయన, టీ తాగుతూ. ఆ సెక్షన్ నంబరు వేసి మెయిల్ పెట్టిన వారానికి డబ్బు పడింది. తర్వాత ఆ షాపు మళ్ళీ ఆర్డరివ్వలేదనుకోండి. ఆ సంగతి చట్టంలో రాయలేదు.

కాలేజీ దండగ అనను. కాస్టింగ్, అంటే సరుకు తయారీ ఖర్చు లెక్కగట్టడం, నేర్పిన మేడమ్‌కి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఆవిడ చెప్పిన పద్ధతిలో ఒకరాత్రి అమ్మ లెక్క వేశాను. ఒక విడత 40 కిలోలు. కాయలు, నూనె, కారం, ఆవపిండి, సీసాలు అన్నీ కలిపి 6,800. కిలో 200కి వేస్తే 8,000 వస్తుంది. 1,200 మిగిలిందని అమ్మ ఏళ్ళ తరబడి సంబరపడేది. అమ్మ, పెద్దమ్మ, పిన్ని రెండేసి రోజులు చేస్తారు కదా, రోజుకి 350 చొప్పున ఆరు రోజుల కూలి కట్టాను. 2,100. విడతకి 900 నష్టం.

"మాకు కూలేటిరా? ఇంటి పనికి కూలి కట్టుకుంటారేటి?" అంది అమ్మ. పెద్దమ్మ మాత్రం ఏమీ అనలేదు. కాయితం తీసుకుని, ఆ 350 మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. మర్నాటి నుంచి కిలో 260.

ఇంత పదునైన పనిముట్టు చేతికిచ్చినవాళ్ళు దాన్ని మా ఊరి మీద ఒక్కసారీ వాడించలేదు. కేస్ స్టడీ అంటే అమెరికా విమానాల కంపెనీ సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్. మాకు విమానాశ్రయమే లేదు, రైలుంది. ఆ రైలు సంగతైనా చెప్పొచ్చుగా! పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి ఇక్కడికి చిన్న రైలు వేయించింది 1900లో. మొదట్లో నష్టాలే, 1910 దాటాక కొద్దికొద్దిగా లాభం, 1931కల్లా లైను గుణుపురం చేరింది. పదేళ్ళు నష్టం భరించిన పెట్టుబడి ఎలా నిలబడింది, లైను ఇంకా పొడిగించే ధైర్యం ఎక్కణ్ణించొచ్చింది అని అడిగితే సెమిస్టరంతా సరిపోతుంది.

ఇంకోటి. పిచింగ్, అంటే జడ్జీల ముందు నిలబడి ప్లాను వివరించడం, ఇంగ్లీషులోనే చెయ్యాలన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది, జనం మాట్లాడే భాషే రాయండని జీవితాంతం పోరాడారాయన. అక్కడ నిలబడి మా అమ్మ పచ్చడి గురించి "వాల్యూ ప్రపొజిషన్" అని నత్తిగా చెప్పాను. విన్న ముగ్గురు జడ్జీలూ మధ్యాహ్నం క్యాంటీన్లో చక్కగా తెలుగే మాట్లాడారు.

మా నాన్న ఖాతా పుస్తకం గురించి రాయాలని మొదలెట్టి ఎటో పోయాను. అరువు తిరిగొస్తుందో రాదో అన్న భయాన్ని క్లాసులో "క్రెడిట్ రిస్క్" అంటారు, దానికి చూడమన్నది సిబిల్ స్కోరు. నాన్నకి ఎవరికి ఎంతదాకా అరువివ్వాలో, ఎవరు వరి కోతలకి తీరుస్తారో, ఎవరు జీడిపిక్కలు అమ్ముడైతే గానీ రారో ఆ ఎర్రగుడ్డ అట్ట పుస్తకం తెరవకుండానే తెలుసు. మబ్బు పట్టి జీడిపూత మాడితే, ఆ వారమే పామోలిన్ డబ్బాలు తక్కువ తెప్పిస్తారు. నన్ను మాత్రం "ఎంబీఏ చదివి కొట్లో కూకుంటావేట్రా" అని కసురుతారు. ఆయన చేసేది వ్యాపారమని ఆయనకే నమ్మకం లేకుండా చేశాం.

మొన్న జూనియర్ ఒకడు ప్రాజెక్టుకి ఐడియా ఇమ్మని ఫోన్ చేశాడు. మీ నాన్నగారేం చేస్తారని అడిగాను.

"ఏం లేదన్నా, ఊళ్ళ మీద జీడిపిక్కలు కొని పలాస పంపుతారంతే. బిజినెస్సేం కాదు."

సీజన్‌కి ఎన్ని బస్తాలు పంపుతారన్నాను. తెలీదన్నాడు. డబ్బు ఎన్నాళ్ళకొస్తుందన్నాను. అదీ తెలీదు, సాయంత్రం అడిగి చెప్తానన్నాడు. ఇవాళ్టికి నాలుగో సాయంత్రం.