కాకికి వచ్చింది ఒక్క మాటే

భార్య వర్జీనియా పోయిన దుఃఖంలో అమెరికన్ కవి ఎడ్గార్ ఎలన్ పో ‘ది రావెన్’ (కాకి) అనే కవిత రాశాడని ఒక వ్యాసంలో చదివాను. తేదీలు ఒప్పుకోవు. కవిత న్యూయార్క్ ‘ఈవినింగ్ మిర్రర్’లో 1845 జనవరి 29న అచ్చయింది, వర్జీనియా పోయింది 1847 జనవరి 30న. అయితే 1842 నుంచే ఆమెకు క్షయ. కళ్లముందే కరిగిపోతున్న మనిషిని చూస్తున్నవాడి భయం ఇందులో ఉందని నా నమ్మకం.

ప్రియురాలు లెనోర్‌ను పోగొట్టుకున్న ఒకతను, రాత్రి తన గదిలోకి వచ్చిన కాకిని అడిగే ప్రశ్నల వరుసలో ఉంది కవిత బలమంతా. మొత్తం 18 చరణాలు. ఎనిమిదో చరణంలో పేరడిగితే కాకి ‘నెవర్‌మోర్’ (ఇక ఎన్నటికీ లేదు) అంటుంది. ఎవరో యజమాని దగ్గర విని పట్టుకున్న ఒక్క ముక్క అదేనని 11లో అతనే తేల్చుకుంటాడు. తేల్చుకున్నాక కూడా 15లో ఈ బాధకు మందుందా అని, 16లో లెనోర్‌ను పరలోకంలో కలుస్తానా అని అడుగుతాడు! ఆ జవాబుతో ఎక్కువ నొప్పి పుట్టే ప్రశ్ననే ఏరుకుంటాడు. తనను తానే హింసించుకునే ఈ దాహం గురించి పో ఈ కవిత ఎలా రాశాడో చెబుతూ 1846లో రాసిన ‘ది ఫిలాసఫీ ఆఫ్ కంపోజిషన్’ వ్యాసంలో చెప్పాడు కూడా (కవితను లెక్క కట్టి అల్లానన్న మాటను మాత్రం పూర్తిగా నమ్మనక్కర్లేదు). దయ్యం కథగా చదివితే ఇదంతా జారిపోతుంది. చివరి చరణంలో క్రియలు వర్తమానంలోకి మారతాయి, ఆఖరి ‘నెవర్‌మోర్’ అతని నోటినుంచే వస్తుంది.

పైకి చదివేవాళ్లకు: ప్రతి చరణంలో మొదటి పాదం, మూడో పాదం దేనికదే మధ్యలోని మాటకు చివరి మాటతో ప్రాస కలుపుతుంది, దాన్ని నొక్కకండి. ఆరో పాదం మిగతావాటిలో సగం కూడా ఉండదు. దానికి ముందు ఊపిరి తీసుకోకపోతే చరణమంతా జోలపాటలా ఊగిపోతుంది.