ఆఖరి అర చుట్టు

టార్క్ రెంచ్ అనే పనిముట్టును గోదావరి డెల్టాలో తక్షణం నిషేధించాలి. ఉభయ గోదావరి జిల్లాల్లో అని రాద్దామనుకున్నాను గానీ, 2022లో జిల్లాలు ముక్కలయ్యాక ఏ ఊరు ఏ జిల్లాలో ఉందో మాకే ఒకసారి తడుముకోవాల్సి వస్తోంది. అందుకని, ధవళేశ్వరం దిగువన కాలవ నీళ్ళు పారే ప్రతి ఊళ్ళోనూ అని చదువుకోండి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. టార్క్ రెంచ్ అంటే ఒక రకం పానా. నట్టుని ఎంత బలంతో బిగించాలో ముందే దాని మీద అంకె పెట్టుకోవాలి. అంత బలం పడగానే అది 'టిక్' మంటుంది. ఇక ఆపమని దానర్థం. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి "చాలండీ బాబూ" అన్నా వేళ్ళ సందుల్లోంచి ఇంకో గరిటె వడ్డించే ప్రాంతం మాది. మనిషి చాలంటేనే విననివాళ్ళం, ఇనప ముక్క చాలంటే వింటామా? ఇది మా సంస్కృతి మీద దాడి కాకపోతే ఏమిటి?

ఈ దాడి మా ఇంట్లోనే జరిగింది కాబట్టి వివరాలు నా దగ్గర ఉన్నాయి.

రాజోలు దగ్గర మా పెదనాన్నగారికి ఒక అంబాసిడర్ ఉంది. 1978 మోడల్, మార్క్ 3. బెంగాల్లోని ఉత్తరపారాలో 1958 నుంచి 2014 దాకా తయారైన బండ్లలో ఒకటి. దాని ఇంజను 1489 సీసీ, ఇంగ్లండు వాళ్ళ డిజైను. ఇదే ఇంజను అక్కడ ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో జుట్టు ఎగరేసుకుంటూ తిరిగింది. ఇక్కడికొచ్చాక పదకొండు మంది పెళ్ళివాళ్ళని, డిక్కీలో రెండు అరటి గెలల్ని, పైన కావిడి బిందెల్ని మోసింది. సఖినేటిపల్లి రేవులో బండ్లని ఏరు దాటించే పంటెక్కి నరసాపురం వెళ్ళొచ్చింది. అంతర్వేది ఉప్పుగాలి నలభై ఏళ్ళు పీల్చింది. ఏనాడూ నోరెత్తలేదు. పోయిన సంక్రాంతికి మాత్రం పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే బానెట్ కింద టిక్‌టిక్‌టిక్ అని మొదలైంది. ఇంజను వేడెక్కాక తగ్గిపోయేది.

అది మానిఫోల్డ్ చప్పుడు. ఇంజను గాలి పీల్చే, పొగ వదిలే గొట్టాల గుత్తిని మానిఫోల్డ్ అంటారు. ఈ ఇంజను కాపురం గురించి కాస్త చెప్పాలి. నాలుగు సిలిండర్లు ఉన్నాయి గానీ పెట్రోలు, గాలి పీల్చుకునే దారులు రెండే. ఇద్దరిద్దరికీ ఒకటి. పొగ వదిలే దారులు మూడు, చివరి వాళ్ళిద్దరికీ చెరొకటి, మధ్యలో ఇద్దరికీ కలిపి ఒకటి. ఉమ్మడి కుటుంబం, ఒకటే పెరటి గుమ్మం. పైగా పీల్చే మానిఫోల్డూ వదిలే మానిఫోల్డూ రెండూ హెడ్డుకి, అంటే సిలిండర్ల మీది పోత ఇనుము మూతకి, ఒకే పక్కన ఉంటాయి. హెడ్డులోకి మరతో దిగిన కొన్ని స్టడ్డుల (తల లేని బోల్టుల) దగ్గర ఒకే దళసరి వాషరు రెండింటి భుజాల మీదా చెరో చెయ్యి వేసి నొక్కిపెడుతుంది. ఆ వాషరు మీద నట్టు. అలాంటి నట్టు ఒక్కటి వదులైతే ఓ పక్క పొగ బయటికి తంతుంది, ఇంకో పక్క దొంగగాలి లోపలికి దూరుతుంది.

ఆ నట్లని కంపెనీవాడు ఇత్తడివి పెట్టాడు. ఎందుకంటే పొగ దారి కాలి కాలి వ్యాకోచిస్తుంది, చల్లారి ముడుచుకుంటుంది. ఉక్కు స్టడ్డు మీద ఉక్కు నట్టు ఉంటే రెండూ తుప్పుతో కలిసిపోయి విడదీయరాని జంట అవుతాయి. ఇత్తడి అలా పట్టెయ్యదు. ఇంకో సంగతి, ఎవరైనా మరీ బిగిస్తే ముందు ఇత్తడి మర పోతుంది, హెడ్డులో మర బతుకుతుంది. తాను చెడి ఇల్లు నిలబెట్టే రకం.

ఈ వినయం మా ఊళ్ళో ఎవరికీ నచ్చలేదు. ఎప్పుడో ఒక మెకానిక్కు "ఇత్తడేంటండీ, ఇదేమన్నా పూజ సామానా?" అని వాటిని పీకి ఉక్కువి వేశాడు. బలానికి బలం. పీకిన ఇత్తడి తూకానికి వెళ్ళుంటుంది.

పూజ సామానంటే గుర్తొచ్చింది. మా బామ్మకి ఒక మరచెంబు ఉండేది. కాశీకి వెళ్ళొచ్చింది, అన్నవరం కొండ నాలుగుసార్లు ఎక్కింది. ఆవిడ దాన్ని బొటనవేలు, చూపుడువేలు, ఈ రెంటితోనే తిప్పి మూసేది. నీళ్ళ చుక్క కారేది కాదు. దాని మర ఇప్పటికీ కొత్తగానే ఉంది. ఆ చెంబు మగవాళ్ళ చేతుల్లో ఎప్పుడూ పడలేదన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం.

సరే, బండి దగ్గరికి వద్దాం. సంక్రాంతికి మా అక్క, బావ హైదరాబాద్ నుంచి వచ్చారు. కొత్త అల్లుడు కాదు, పాత అల్లుడే, కానీ పండగ మూడు రోజులూ అల్లుడి మాటకి ఎదురుండదు. ఆయన బ్యాగులోంచి టార్క్ రెంచ్ తీశాడు. మాకు పూతరేకుల డబ్బాలు తెచ్చే అల్లుళ్ళు తెలుసు, మందు సీసాలు తెచ్చేవాళ్ళూ తెలుసు. ఇది కొత్త. భోగి మర్నాడు మానిఫోల్డ్ విప్పి, కాలిపోయిన ప్యాకింగ్ మార్చి, నట్లు మధ్య నుంచి చివరలకు ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చాడు. అంకె 15 అడుగు-పౌండ్ల దగ్గర పెట్టాడు. టిక్.

"అంతేనా అల్లుడుగారూ?" అన్నారు పెదనాన్న.

"అంతే మావయ్యగారూ."

"ఆహా," అన్నారాయన. మా ప్రాంతంలో ఆహా అంటే ఒప్పుకున్నట్టు కాదు.

బండి చప్పుడు లేకుండా నడిచింది. అదే కొంప ముంచింది. చప్పుడు లేకపోయేసరికి పెదనాన్నగారికి టెన్షన్ మొదలైంది. పదిహేను అడుగు-పౌండ్లంటే అడుగు పొడవు పానా చివర ఏడు కిలోలకి కాస్త తక్కువ బరువు వేలాడదీసినట్టు. ఓ మోస్తరు పనసకాయ. "పనసకాయంత బలంతో బండి నడుస్తుందా?" అని ఆయన ప్రశ్న. ముక్కనుమ నాడు అల్లుడు రైలెక్కగానే బానెట్ లేచింది.

ముందు పెదనాన్నగారు అర చుట్టు వేశారు. ఆయన చెయ్యి మీద నమ్మకం లేక డ్రైవరు ఇంకో అర చుట్టు. దారినపోతూ ఆగిన పక్కింటి మావయ్యగారు ఊరికే నిలబడితే బాగోదని ఒక పావు. నేను కూడా ఒక చెయ్యి వేశానని ఈ కాలమ్ నిజాయితీ కోసం ఒప్పుకుంటున్నాను. తిలా పాపం తలా పిడికెడు. చివరికి పానా ఇక కదలననేసరికి పెదనాన్నగారు పెరట్లోకి వెళ్ళి బోరింగు పైపు ముక్క తెచ్చారు. నాలుగు అడుగులుంటుంది. పానా కాడకి తొడిగి దాని మీద వాలారు.

లెక్క వేద్దాం. డెబ్భై కిలోల మనిషి, అంటే 154 పౌండ్లు, నాలుగు అడుగుల పైపు చివర పూర్తిగా వేలాడితే 616 అడుగు-పౌండ్లు. నలభై ఒక్క పనసకాయలు. ఆయన సగమే వాలారనుకున్నా ఇరవై. ఒక్క స్టడ్డు మీద ఒక తోట.

కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. తర్వాత చప్పుడు ఆగి పైపు ఒక్కసారిగా తేలికైపోయి వెన్నలో గరిటెలా తిరిగింది. "పట్టింది!" అన్నారు పెదనాన్నగారు, చెమట తుడుచుకుంటూ. అందరం సంతోషించాం. నట్టు మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది. వేళ్ళతో లాగితే స్టడ్డుతో సహా చేతిలోకి వచ్చింది. స్టడ్డు చివర మరల మధ్య నల్లటి పొడి, పండక్కి దంచిన నువ్వుల పొడి లాంటిది అంటుకుని ఉంది. అదే హెడ్డులో ఉండాల్సిన మర. పోత ఇనుము సాగదు, వంగదు, పొడైపోతుంది.

సాయంత్రానికి అరుగు మీద సభ కూడింది. ఒకరు సైకిల్ ట్యూబు ముక్క చుట్టమన్నారు. ఇంకొకరు కొబ్బరి పీచు పేని, మర మీద చుట్టి దూర్చమన్నారు. నీళ్ళ పైపులకి జనపనార చుట్టట్లేదా అని ఆయన ఆధారం కూడా చూపించారు. పెట్రోలు ట్యాంకు కారితే బట్టల సబ్బు రుద్ది ఊరు చేరిన చరిత్ర ఉన్నవాళ్ళం కాబట్టి సబ్బు ప్రస్తావన కూడా వచ్చింది. పెట్రోలుకి సబ్బు కరగదు, నిజమే. ఎర్రగా కాలే మానిఫోల్డ్ దగ్గర సబ్బు, రబ్బరు, పీచు ఏమవుతాయో సభలో ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన సలహా చూడ్డానికి తెలివిగా ఉన్నది: ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు వెయ్యమని. ఈ బండి అంగుళాల కాలం నాటిది. 5/16 అంగుళం బోల్టుని కొలిస్తే 7.94 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుని పక్కన పెడితే కవలలనుకుంటారు. లావు కలిసింది గానీ మర కలవదు. చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం వేరు. మొదటి రెండు చుట్లు పండగ అల్లుడిలా మర్యాదగా లోపలికి వెళ్తుంది. మూడో చుట్టు నుంచి ఉన్న మరని కోసుకుంటూ పోతుంది. అప్పుడు అది గట్టిగా తగులుతుంది, మనం "పట్టింది" అంటాం. నా అంచనాలో ఈ డెల్టాలో మరల చావులకి తుప్పు కంటే 'పట్టింది' అన్న మాటే ఎక్కువ కారణం.

మర్నాడు బండిని పాలకొల్లు తీసుకెళ్ళాం. పంటు మీద వెళ్తే ఇంజను ఆపాలి, ఆపితే మళ్ళీ అంటుకుంటుందన్న భరోసా లేదు. అందుకని చించినాడ వంతెన మీదుగా. పొగ తంతూ, దొంగగాలికి ఎగిరెగిరి పడుతూ, ట్రాక్టరులా మోగుతూ వశిష్ఠ గోదావరి పాయ దాటింది.

లేతు షాపు ముందు రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్ల గేర్‌బాక్సులు గుట్టగా పోసి ఉన్నాయి. మేస్త్రిగారు పెద్దవాడు, తక్కువ మాట్లాడతాడు. మానిఫోల్డ్ విప్పించి, ముందుగా హెడ్డులోని గాలి, పొగ దారుల్లో పాత పంచె ముక్కలు కుక్కాడు, పొట్టు లోపలికి పోకుండా. తర్వాత డ్రిల్లు తీస్తాడనుకున్నాం. తియ్యలేదు. ఒక ఇనప పలక కోసి, దానికి బెజ్జాలు వేసి, పక్కనున్న రెండు స్టడ్డులకి బిగించాడు. మధ్య బెజ్జం సరిగ్గా మన పాడైన కన్నం మీదికి వచ్చింది. డ్రిల్లు ఆ బెజ్జంలోంచి దిగితే పక్కకి వాలదు. ఈ పలకకే గంట పట్టింది. కన్నం వెడల్పు చెయ్యడానికి రెండు నిమిషాలు. నూనె వెయ్యలేదు. పోత ఇనుములో గ్రాఫైట్ ఉంటుంది, దాని జారుడు దానిదే.

తర్వాత ట్యాపు, అంటే కన్నం లోపల మర కోసే పనిముట్టు. పొడి అంటుకునేలా దాని గాడుల్లో గ్రీజు పట్టించి, అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడల్లా తెగిన పొట్టు విరిగి దారి ఇస్తుంది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. పెదనాన్నగారు అది చూడలేక బయటికి వెళ్ళి టీ చెప్పొచ్చారు. వెనక్కి తిప్పడం ఆయన జీవితంలో చూడలేదు.

ఆ కొత్త మరలోకి హెలీకాయిల్ దించాడు. నోటుపుస్తకం స్ప్రింగులాంటి స్టెయిన్‌లెస్ తీగ చుట్ట, లోపలి పక్క పాత సైజు మర. దించిన తర్వాత అడుగున ఉన్న చిన్న తోక తుంచి, పట్టకారుతో బయటికి తీసి, మా అరచేతిలో పెట్టాడు, లెక్క అప్పజెప్పినట్టు. అది లోపల పడితే ఏమవుతుందో చెప్పలేదు, మేమూ అడగలేదు. స్టడ్డుని వేళ్ళతో ఆగేదాకా తిప్పాడు. సీసాలోంచి నట్టు తీశాడు. ఇత్తడిది.

నట్టు బిగించేటప్పుడు పానాని చివర పట్టుకోలేదు. మెడ దగ్గర పట్టుకున్నాడు, మా బామ్మ మరచెంబు పట్టుకున్నట్టు. మణికట్టు ఒకచోట ఆగింది. ఏ టిక్కూ వినపడలేదు. నాకు చాలా బాధ కలిగింది. నిషేధించాల్సింది పనిముట్టు ఒక్కటే అనుకున్నాను, అది మనుషుల్లోకి కూడా పాకిందని అప్పుడే తెలిసింది. ధవళేశ్వరంలో గోదారికి 175 గేట్లున్నాయి, వదలాల్సినంతే వదులుతారు. నది సంగతి వేరు. చేతులకి కూడా గేట్లు పెట్టుకుంటూ పోతే మనకి మిగిలేదేమిటి?

స్టార్ట్ చేశాం. చప్పుడు లేదు.

"ఎంతివ్వమంటారు?" అన్నారు పెదనాన్నగారు.

మేస్త్రిగారు మజూరీ చెప్పాడు. చెప్పి, డిక్కీలోంచి బయటికి పొడుచుకొచ్చిన బోరింగు పైపు వంక చూశాడు. "అది ఇక్కడ వదిలేసి వెళ్ళండి. ఆయ్."

వదిలేశాం. బయల్దేరబోతుంటే ఇంకో మాట అన్నాడు: "ఇంజను వేడెక్కి చల్లారాక ఒక్కసారి పానా వేసి చూసుకోండి. కదిలితే కదులుద్ది, లేపోతే వదిలెయ్యండి."

వంతెన దాటేదాకా పెదనాన్నగారు మాట్లాడలేదు. దాటాక, "విన్నావా? మళ్ళీ బిగించమన్నాడు," అన్నారు. నేను విన్నది వేరు, కానీ పెద్దాయనకి ఎదురు చెప్పలేదు. రాజోలు సెంటర్లో హార్డ్‌వేర్ షాపు ఇంకా తీసే ఉంది. ఐదు అడుగులది దొరికింది.