పంచ్‌ల వెనక రాత ఏదీ?

తెలుగు టీవీలో కామెడీ పని అయిపోయిందన్న మాట ఈమధ్య తరచూ వినిపిస్తోంది. ఆ మాటతో మేం ఏకీభవించం. సాయంత్రం పూట విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో గుంటూరు బస్సు కోసం నిలబడ్డవాళ్లను చూడండి. ఫోన్లలో ఏదో ఒక స్కిట్ ముక్క నడుస్తూనే ఉంటుంది. చూసేవాళ్లకు కొదవ లేదు. కొదవంతా రాతకే.

2013 ఫిబ్రవరిలో ఈటీవీలో 'జబర్దస్త్' అనే స్కిట్ల షో మొదలైనప్పుడు, మిమిక్రీ తప్ప చేతిలో మరేమీ లేని ఎందరో కుర్రాళ్లకు అది అన్నం పెట్టింది, పేరు తెచ్చింది. అది చిన్న విషయం కాదు. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ తరహా షోలన్నీ ఒకే మూసలో పడ్డాయి. ఒకడు మాట అందిస్తాడు, పక్కవాడు పంచ్ వేస్తాడు, కెమెరా వెంటనే జడ్జి నవ్వు మీదికి పోతుంది. తర్వాత లేడీ గెటప్ మీద ఓ వెకిలి మాట, ఇంకొకరి రంగు మీదో ఒళ్లు మీదో మరోటి. యూట్యూబ్‌లో తిరిగేది ప్రోమో ముక్కే కాబట్టి, రాసేవాళ్లూ ఆ ముక్క కోసమే రాస్తున్నారు. కథకు మొదలూ చివరా ఉండాలని అడిగే నాథుడే లేడు.

జెమినీ టీవీలో 2001లో మొదలై 2007 దాకా నడిచిన 'అమృతం'ను జనం ఇప్పటికీ యూట్యూబ్‌లో వెతుక్కుని మరీ చూస్తున్నారు. అమృతం, అంజి అనే ఇద్దరు స్నేహితులు హోటల్ పెడతారు, వారం వారం ఏదో ఒక పథకం వేస్తారు, అది వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. అంతే కథ. అమృతం వేషం కట్టిన నటులు మధ్యలో మారారు కూడా. అయినా సీరియల్ నిలబడింది, పాత్రను అంత గట్టిగా రాశారు మరి! అంజిగా చేసిన గుండు హనుమంతరావు మన విజయవాడ మనిషి, స్టేజీ నాటకాలు ఆడి వచ్చినవాడు. పంచ్ కోసం ఆయన తొందరపడడు. ఎదుటివాడి మాట పూర్తిగా విని, అమాయకంగా ఓ చూపు చూసి, అప్పుడు నోరు విప్పుతాడు. ఆ చూపుకు చోటు ఉంచింది రచయితే. ముప్పై సెకన్ల క్లిప్పులో ఆ చూపును ఎక్కడ ఇరికిస్తారు?

ఓటీటీలు వచ్చాక ఈ కరవు తీరుతుందని ఆశపడ్డాం. టైమ్ స్లాట్ గొడవ లేదు, ప్రకటనల కోసం కథను కోయక్కర్లేదు. కానీ డబ్బంతా హత్యలు, దర్యాప్తుల మీదికే పోతోంది. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో 'నైంటీస్' ఆరే ఆరు ఎపిసోడ్లతో వచ్చింది. ఓ టీచర్ గారి ఇల్లు, ముగ్గురు పిల్లలు, మార్కుల గొడవ. బూతు లేదు, ఒకరిని కించపరిచింది లేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు.

సెన్సార్ పెడితే అన్నీ చక్కబడతాయనే వాదన ఒకటుంది. 2021 ఐటీ నిబంధనలతో ఓటీటీలకు వయసుల వారీగా ఐదు వర్గాలు వచ్చాయి. అవి పిల్లల్ని కాపాడటానికి పనికొస్తాయి, కాదనం. పేలవమైన జోకును బాగుచేసే నిబంధన మాత్రం ఎక్కడా లేదు.

రాసేవాళ్లు లేరని చానెళ్లు అంటే మేం ఒప్పుకోం. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనే జరిగాయి. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనూ, చుట్టుపక్కల ఊళ్ల పరిషత్తుల నాటక పోటీల్లోనూ నాటికలు పడుతూనే ఉన్నాయి. రీటేక్ లేదు, పెట్టుడు నవ్వుల సౌండు లేదు. జోకు పేలకపోతే హాలంతా గమ్మున ఉండిపోతుంది. ఆ టెన్షన్ ఎలాంటిదో అనుభవించి, దాన్నుంచే నేర్చుకున్న రచయితలు మన మధ్యే ఉన్నారు.

చానెళ్లు, ఓటీటీ సంస్థలు ఈ పోటీలకు మనుషుల్ని పంపాలి. నచ్చిన రచయితతో స్కిట్‌కింత అని కాకుండా, పది ఎపిసోడ్లకైనా ఒప్పందం చేసుకోవాలి. రాసుకోవడానికి కొన్ని నెలల గడువు, ఆ నెలలకు జీతం ఇవ్వాలి. టైటిల్స్‌లో రచయిత పేరు నటుల పేర్ల పక్కనే, చదవడానికి వీలైనంత సేపు వేయాలి.