కుందేలు గీసిన గోడ

మహారాష్ట్రలోని మా చంద్రపూర్ కోటగోడను కాపాడే బాధ్యత మా సంఘానిది. ఈ మాట మేమే అనుకున్నాం, మేమే తీర్మానించాం, చప్పట్లు కూడా మేమే కొట్టాం. సభ్యుల్లో సగం మంది తెలుగువాళ్లం. తాతల కాలంలో బొగ్గు గనుల్లోకో, బల్లార్‌పూర్ పేపరు మిల్లుకో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ల పిల్లలం. గోండు రాజుల గోడతో మీకేం సంబంధం అని కొందరు అడుగుతుంటారు. మా కోశాధికారి వంటిల్లు ఆ గోడకే ఆనుకుని ఉంది. అంతకంటే దగ్గరి చుట్టరికం ఎవరికుంది?

గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్ షా వేటకెళ్తే, నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలొకటి ఎదురు తిరిగి ఆయన వేటకుక్కనే తరిమిందట. అది పరుగెత్తిన దారి వెంటే కోట కట్టమని రాణి చెప్పిందట. అందుకే ఈ ఊళ్లో కుందేలంటే మాకు గౌరవం. మా అధ్యక్షుడు గారు పట్టినదానికి మాత్రం ఇప్పటికీ మూడే కాళ్లు.

కోటకు జట్‌పురా, అంచలేశ్వర్, బింబా, పఠాన్‌పురా అని నాలుగు పెద్ద దర్వాజాలు. ఇవిగాక ఖిడ్కీలనే చిన్న ద్వారాలు. దర్వాజా మీద ఏనుగును తొక్కిపట్టిన సింహం బొమ్మ ఉంటుంది. సాయంత్రం పూట జట్‌పురా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ సింహాన్ని ఎంతసేపైనా చూడవచ్చు. పర్యాటకుల కోసం ఊరు చేసిన ఏర్పాట్లలో ఇదే గట్టిది.

ఇక చట్టం. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్తగా ఏమీ కట్టకూడదు, ఆ పైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి అని 2010 సవరణ. దీని మీద మేం రెండు గంటలు చర్చించాం. రెండుసార్లు చాయ్ వచ్చింది.

"వంద మీటర్ల లోపల అంటే నడుమ ఎంతో కొంత జాగా ఉండాలె గదన్నా! నా వంటింటికీ గోడకూ నడుమ జాగే లేదు. నాకెట్ల వర్తిస్తది?" అన్నాడు కోశాధికారి.

అధ్యక్షుడు గారు కళ్లజోడు తుడుచుకుని "పాయింటే" అన్నారు. కార్యదర్శిని కాబట్టి మినిట్స్‌లో అదే రాశాను.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా 2017లో అపచారం జరిగింది. ఎకో-ప్రో అనే సంస్థ వాళ్లు ఒక తీర్మానం లేదు, స్వాగతోపన్యాసం లేదు, నేరుగా చీపుళ్లు పట్టుకుని కోట ఎక్కేశారు. ఒక ఫొటో దిగి పోతార్లే అనుకున్నాం. దాదాపు 200 రోజులు ఊడ్చారు! ఆ అక్టోబరులో ప్రధాని 'మన్ కీ బాత్'లో వాళ్లను మెచ్చుకున్నారు. మా పేరు చివర్లో వస్తుందేమోనని అధ్యక్షుడు గారు రేడియో ముందు నుంచి లేవలేదు. తర్వాత వచ్చిన పాటలు కూడా విన్నారు.

అత్యవసర సమావేశం పెట్టాం. చీపురు దుమ్ము లేపుతుంది, తీర్మానం లేపదు అని ఒక పెద్దాయన అన్నమాట అందరికీ నచ్చింది. అసలు టెన్షన్ వేరే. పిచ్చిచెట్లు కొట్టేసేసరికి కోశాధికారి వంటింటి పైపు ఊరందరికీ కనబడుతోంది.

పాత కట్టడానికి పచ్చదనమే అందమనీ, ఆ ఒక్కచోట ముళ్లకంప తిరిగి నాటాలనీ ఏకగ్రీవంగా తీర్మానించాం. ఖర్చంతా తనదేనన్నాడు కోశాధికారి. సంఘం కోసం ఆయన సొంత జేబులోంచి పైసా తీయడం నేను చూడటం అదే మొదలు.